పసుపు కింది పేరు

నిన్న గుడియాత్తం బస్టాండు గోడ మీద ఆయన బొమ్మ చూశాను. మా ఊళ్ళో మనిషి పోతే ముందు తెలిసేది గోడకే. బంక తడి ఇంకా ఆరని పోస్టరు, కింద కన్నీటి అంజలి అని అరవ అక్షరాలు, మధ్యలో చేతులు జోడించి నవ్వుతూ ఆయన. పోయినవాళ్ళు నవ్వుతూ మనకే నమస్కారం పెట్టడం ఈ జిల్లా పోస్టర్లలో మామూలే. ఈయన విషయంలో మాత్రం అది అచ్చు గుద్దినట్టు ఆయనే. ఎక్కడో కెమెరా పైకి లేస్తే చాలు, ఆ చేతులు వాటంతట అవే కలిసిపోయేవి. కళ్ళు ఆ తర్వాత వెతుక్కునేవి, ఎవరికి పెడుతున్నానా అని.

ఆయన పేరు నేను రాయను. భయపడి కాదు, పోయినవాడి మీద మర్యాద కొద్దీ అంతకంటే కాదు. తన పేరు రాతి మీద చెక్కించుకోవాలని బతికినన్నాళ్ళూ తపించిన మనిషి ఆయన. బస్సు ఆగే చోట రేకుల పందిరి వేసినా, మంచినీళ్ళ కుళాయి పెట్టినా, కుళాయి కంటే ముందు రాయి వచ్చేది. ఆ ముచ్చట నా చేతుల మీదుగా కాగితం మీద కూడా తీరడం నాకిష్టం లేదు.

నేను ఆడపిల్లల బడిలో డ్రిల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా నాన్నకు బజారువీధిలో లుంగీలు, పంచెల కొట్టుండేది. పోస్టరులోని ఈయన నాకు మొదట తెలిసింది ఆ కొట్టులోనే. ఎప్పుడొచ్చినా రెండు రకాల అంచుల పంచెలు తీసుకునేవాడు, ఈ కట్చి రంగు ఒకటి, ఆ కట్చి రంగు ఒకటి. పార్టీని మా వైపు తెలుగులో కూడా కట్చి అనే అంటాం. రెండూ కారు డిక్కీలో ఇస్త్రీ మడతల్లో ఉండేవి. ఓట్లు లెక్కపెట్టే రోజు మధ్యాహ్నం దాకా అంచు లేని తెల్లపంచెతో ఇంట్లోనే ఉండి, సాయంత్రానికి గెలిచిన వాళ్ళ ఊరేగింపులో అందరికంటే ముందు నడిచేవాడు. "ఈయప్పను ఏ అంచు కావాలని అడగొద్దు మే. రేడియో పెట్టి వార్తలు విను, అదే తెలిసిపోతాది" అనేవాడు మా నాన్న.

ఆయన పొన్నాడల సంగతీ చెప్పాలి. సభల్లో భుజాన కప్పే జరీ శాలువాను పొన్నాడ అంటాం. తనకు కప్పిన పొన్నాడను ఆయన నలగనిచ్చేవాడు కాదు. మడత పెట్టి డ్రైవరుకిచ్చేవాడు. అది మరుసటి సభలో ఇంకొకరి భుజాన పడేది. మా బడి వార్షికోత్సవంలో నాకు కప్పిన దానికి ఎవరిదో సెంటు వాసన, మడతలో ఎండిపోయిన రోజా రేకు. ఇంటికి తీసుకుపోయి కుట్టుమిషను మీద దుమ్ము పడకుండా కప్పాను.

వేదిక మీద అరవంలో గంగవెర్రులెత్తినట్టు మాట్లాడేవాడు. తెలుగు మాత్రం మనతో ఏదైనా పని పడితేనే బయటికి తీసేవాడు. "మనోళ్ళు" అని మొదలుపెట్టాడంటే మనకేదో చమురు వదలబోతోందని అర్థం. మనం ఏదైనా అడిగామా, అప్పుడు మళ్ళీ అరవం. "పార్క్కలాం, సెయ్యలాం." చూద్దాం, చేద్దాం. ఈ రెండు మాటలతో ఆయన ఒక జీవితకాలం నెట్టుకొచ్చాడు.

లత్తేరి దాటి గుడియాత్తం వచ్చే దారిలో, రోడ్డుకూ కొండకూ మధ్య ఆయనకు పెద్ద నేల ఉంది. పూర్వం అందులో ఆయన అగ్గిపెట్టెల షెడ్డు నడిచేది. కొండ కింద పల్లె నుంచి ఆడవాళ్ళు ఆ నేలకు అడ్డంగా నడిచి షెడ్డుకు వచ్చేవాళ్ళు. వాళ్ళ కాళ్ళకింద అక్కడ ఒక బాట పడింది. లైటర్లొచ్చి అగ్గిపెట్టెలకు గిరాకీ తగ్గాక షెడ్డు మూసేశాడు. మూసిన మర్నాడే మేడే సభలో "నా అక్కచెల్లెళ్ళ కష్టం చూసి నా గుండె పగిలిపోతున్నది" అని ఏడ్చాడు కూడా. ఆ అక్కచెల్లెళ్ళు పేర్ణాంబట్టు వైపు ఒక బూట్ల కంపెనీలో కుట్టుపనికి కుదిరారు. కంపెనీ వ్యాను పొద్దున్నే రోడ్డు మీదికొస్తుంది, ఎవరి కోసమూ ఆగదు. కాబట్టి బాట అలాగే ఉండిపోయింది, నడిచేవాళ్ళు మాత్రం షెడ్డు దగ్గర ఆగకుండా రోడ్డెక్కేవాళ్ళు.

ఇట్లా ఉండగా ఆయనకు ఆటల పిచ్చి పట్టింది. ఆట మీద కాదు, ఆటకు ఉండే సంఘం మీద. జిల్లా సంఘం అధ్యక్షుడైతే లెటర్‌ప్యాడు వస్తుంది, సత్తువాచారి కలెక్టరాఫీసులో కుర్చీ వేస్తారు, ఎన్నికల్లో సీటు అడగడానికి ఒక అర్హత ఉన్నట్టవుతుంది. కాని కబడ్డీకి అప్పటికే ఒకాయన ఉన్నాడు, క్యారమ్స్‌కు ఒకాయన, చదరంగానికి ఇద్దరు కోర్టుకెక్కారు. ఆ సమయంలో కాట్పాడి దగ్గర కాలేజీ పిల్లలు కొందరు ఒక కొత్త ఆట ఆడడం చూశాడు. ఇనుప స్తంభానికి నడుమెత్తున ఒక బుట్ట, బుట్ట మీద గుండ్రంగా వేలాడే గొలుసులు. దూరం నుంచి ప్లాస్టిక్ బిళ్ళ విసిరితే గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. ఎంత తక్కువ విసుర్లలో పడితే అంత గొప్ప. డిస్క్ గోల్ఫ్ అంటారు. చూసిన సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు.

"టీచరమ్మా, ఇది మనోళ్ళ ఇషయం, మీరు కాదనగూడదు. ఈ ఆటకు జిల్లాలో సంఘం ఉండాదా?"

"నాకు తెలిసి లేదన్నా."

"గడ్డి పెంచాల్నా? నీళ్ళు పెట్టాల్నా?"

"అక్కర్లేదు. చెట్లూ గుట్టలూ ఉంటేనే బాగుంటుంది. నేలుంటే చాలు."

"నేల ఉండాదే!" అని తొడ చరుచుకున్నాడు. కుర్చీ ఖాళీగా ఉన్న ఆట దొరికిన ఆనందం అంతా ఇంతా కాదు.

తిరువలంలో ఒక వెల్డింగు షాపులో బుట్టలు చేయించాడు. కాలేజీ పిల్లలు వచ్చి నేల చూసి చక్కగా గీసి ఇచ్చారు, చింతచెట్ల మధ్యనుంచి ఒకటి, బండల మీదుగా ఒకటి. ఆ కాగితాన్ని ఆయన వాస్తు చూసే మనిషికి చూపించాడు. పడమటికి విసిరితే సంపాదన పడమటికే పోతుందన్నాడట వాస్తాయన. దాంతో విసుర్లన్నీ తూర్పుకే తిప్పారు. అంటే ఒక బుట్టలో వేసి, మళ్ళీ పడమటి కొసకు నడిచివచ్చి, రెండో బుట్టకు మళ్ళీ తూర్పుకే విసరాలి. ఆటలో సగం ఉత్త నడక. పొద్దునపూట ఆడితే ఎండ సూటిగా కళ్ళలో పొడుస్తుంది, బుట్ట ఎక్కడుందో గొలుసుల చప్పుడును బట్టి ఊహించుకోవాలి. ఇదే మనిషి వేదికెక్కితే మూఢనమ్మకాలను చీల్చి చెండాడేవాడు. దిగాక రాహుకాలం దాటిందో లేదో అడగకుండా కారు తలుపు తీసేవాడు కాదు.

ఆ నేల మీద ఆయనతో కలిసి మొదట ఆడింది నేనే. నిజం చెప్పాలంటే బిళ్ళ చేతిలో పడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మణికట్టు తిప్పి వదిలితే చింతచెట్టు కొమ్మ కిందనుంచి జారి, చివర్లో ఎడమకు ఒరిగి, గొలుసుల్లో జలజలమని పడింది. అంత మంచి చప్పుడు నేను ఈ మధ్య వినలేదు. ఆయన విసిరింది తుప్పల్లోకి పోయింది. "అది లెక్కలో లేదు, గాలొచ్చె" అన్నాడు. రెండోది బండకు తగిలింది. "బండ అడ్డమొచ్చె." మూడోసారి బుట్ట దగ్గరిదాకా నడిచివెళ్ళి, చేతిలోంచే అందులో పెట్టి, డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు చప్పట్లు కొట్టాడు.

"అన్నా, బిళ్ళ పడిన చోటు నుంచే విసరాలి" అన్నాను.

"నా నేలలో నేను యాడినుంచి ఇసిరితే ఏం టీచరమ్మా!"

ఆ మాట నా చెవిలో అట్లాగే ఉండిపోయింది. ఎందుకంటే అప్పటికే చుట్టూ ముళ్ళకంచె వేయించి, బాటకు అడ్డంగా ఇనుప గేటు పెట్టించి, కాపలా మనిషిని కూర్చోబెట్టాడు. మొదటి బుట్ట సరిగ్గా ఆ బాట మీదే నిలబడింది.

ఆ వారమే గోమతి మా ఇంటికి వచ్చింది. కొండ కింది పల్లె పిల్ల, నా దగ్గర చదివేటప్పుడు పరుగులో జిల్లాకు ఆడింది. ఇప్పుడు బూట్ల కంపెనీలో పని. మొగుడు మంచాన పడ్డాడు, ఇల్లు ఆమె ఒక్కతి జీతం మీద నడుస్తోంది.

"టీచర్, రైల్వే గేటు మీదుగా సుట్టుకోని వచ్చేలోపల వ్యాను పోతా ఉండాది. నేనంటే పరిగెత్తతా. మా పెద్దోళ్ళు ఎట్ల పరిగెత్తతారు? ఇంకొకసారి లేటయితే పనిలోకి రావద్దని సెప్పేసినారు. మీరు ఆయప్పకు ఆట నేర్పతా ఉండారంట గదా, ఒక మాట అడగండి."

అడిగాను. "పార్క్కలాం, సెయ్యలాం" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది నాకు.

ప్రారంభోత్సవం నాడు తెల్లవారక ముందే గుట్టుగా పూజ జరిపించాడు. ఎవరో పెద్ద నాయకుడు వస్తున్నాడు, దేవుడు లేడనే తరం మనిషి. ఆయన రాకముందే అంతా అయిపోవాలి. మొదటి బుట్ట స్తంభానికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ గుచ్చి, కర్పూరం వెలిగించి, గుమ్మడికాయ పగలగొట్టించాడు. హారతి పళ్ళెం పట్టుకుంది కాపలా మనిషి. కంచె అవతల రైల్వే గేటు వైపు పరుగులు తీస్తున్న ఆడవాళ్ళు ఇదంతా చూస్తూనే పోయారు. తర్వాత డ్రైవరు కిరోసిన్ గుడ్డతో ఎంత తుడిచినా కుంకుమ పోలేదు.

నాయకుడు వచ్చాడు. బుట్ట పక్కన నల్లరాయి మీద ముసుగు తీశాడు. పైన నాయకుడి పేరు, కింద అంతే సైజులో ఈయన పేరు. నాయకుడు స్తంభం వైపు చూసి "ఇదేమిటి ఎర్రగా?" అన్నాడు అరవంలో. "పెయింటు, తలైవరే" అన్నాడు ఈయన, కళ్ళు ఆర్పకుండా. నాయకుడు విసిరే చోటును బుట్టకు నాలుగడుగుల దూరానికి జరిపారు. అయినా బిళ్ళ ఫోటోగ్రాఫరుకు తగిలింది. చప్పట్లు మాత్రం బ్రహ్మాండంగా కొట్టారు.

ఆ తర్వాతి శుక్రవారం ఉదయం నేను అక్కడే ఉన్నాను, ఆయనకు బిళ్ళ పట్టుకోవడం నేర్పడానికి. గేటు దగ్గర అలికిడయింది. గోమతి ముందు, వెనక పల్లె ఆడవాళ్ళందరూ. టిఫిను క్యారియర్లతో పాటు చేతుల్లో పూలు, పసుపు పొట్లాలు. కాపలా మనిషి తనే హారతి పట్టినవాడు కదా, సామికి దండం పెట్టుకుంటామంటే ఎట్లా కాదంటాడు? గేటు తీశాడు. వాళ్ళు నేరుగా వచ్చి స్తంభానికి మళ్ళీ పసుపు పూసి, గొలుసులకు మల్లెమూరలు చుట్టి, పక్కనున్న నల్లరాయికి కూడా పూశారు. రాయి కదా, సామి పక్కన ఉన్న రాయి.

ఆయన పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏందిది? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని లోపలికి?"

"సంగిలమ్మకు మొక్కుకోను వచ్చినామయ్యా" అంది గోమతి. అరవంలో సంగిలి అంటే గొలుసు. ఆ పేరు ఆమె అక్కడికక్కడ పెట్టిందో, రాత్రంతా ఆలోచించి పెట్టిందో నాకు ఈనాటికీ తెలియదు.

"సంగిలమ్మా లేదు, గింగిలమ్మా లేదు. ఇది ఉత్త కంబి! తిరువలంలో ఎల్డింగు పెట్టించిన కంబి!"

"అట్లయితే గుమ్మడికాయ ఎందుకు కొట్టినారయ్యా?"

ఆయన ఇరుక్కుపోయాడు. సామి కాదంటే ఆ పూజ ఎందుకు చేయించాడో చెప్పాలి, అది నాయకుడి చెవిన పడుతుంది. సామి అంటే గేటు తీయాలి. గొలుసులు పీకి పారేయిద్దామంటే అన్నీ ఓటున్న చేతులు. ఆయన మొహం చూస్తుంటే నాకు లోపలినుంచి నవ్వు పొంగుకొచ్చి బిళ్ళ అడ్డం పెట్టుకున్నాను. అప్పుడు వాళ్ళలో ఒకావిడ ఫోను పైకెత్తింది, సామిని ఫోటో తీసుకుందామని.

ఫోను లేవగానే ఆయన చేతులు కలిశాయి. చెప్పాను కదా, వాటంతట అవే. తల కూడా కొంచెం వంగింది.

ఆ ఫోటో సాయంత్రానికి గుడియాత్తమంతా తిరిగింది. మెడలో మల్లెపూలున్న ఇనుప బుట్ట ముందు ఆడవాళ్ళ మధ్య చేతులు జోడించిన ఈయన. ఈ కట్చి వాళ్ళు పిలిచి తలంటు పోశారట. వెంటనే డిక్కీ తెరిచి పంచె మార్చి ఆ కట్చిలోకి దూకాడు. అక్కడ ఆ ఫోటోనే అర్హత అయింది, తల్లులకు గుడి కట్టిన దాత అని పోస్టర్లు వేయించుకున్నాడు. గేటుకు మళ్ళీ తాళం పడలేదు. ఆడవాళ్ళు రోజూ పొద్దున దండం పెట్టుకుని రోడ్డెక్కేవాళ్ళు. మొదటి బుట్టకు బిళ్ళ విసిరితే పాపమని ఆటను రెండో బుట్టనుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. కాలేజీ పిల్లలు కొన్నాళ్ళు వచ్చి, కళ్ళలో ఎండ భరించలేక మానేశారు. మిగతా బుట్టల మీద కాకరతీగ పాకింది. సంఘం పుట్టకముందే పోయింది. సీటు ఆ కట్చీ ఇవ్వలేదు.

చివరిసారి ఆయన్ని చూసింది అక్కడే. అప్పటికి బాగా చిక్కిపోయాడు, చొక్కా మెడలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. స్తంభం ముందు కర్పూరం వెలిగించి గొణుక్కుంటున్నాడు. చెవిన పడింది, ఈసారైనా సీటు ఇప్పించు తల్లీ అని. తను దగ్గరుండి వెల్డింగు పెట్టించిన కంబిని! ఛీ అనిపించింది. నన్ను చూసి సిగ్గుపడలేదు. రాయి వైపు చూపించాడు. పసుపు మీద పసుపు, నూనె, కుంకుమ పేరుకుని ఒక్క అక్షరం కనబడడం లేదు.

"టీచరమ్మా, ఆ పసుపు కింద నా పేరు ఉండాది గదా?"

"ఉంటుందన్నా. యాడికి పోతాది?"

"కొంచెం గీకి చూస్తే?"

"మీ నేల, మీ రాయి. గీకండి."

వంగి గోరు ఆనించాడు. బాట మీద ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. గోరు వెనక్కి తీసుకుని చేతులు జోడించాడు. నాకు ఒక్క నిమిషం జాలేసింది. వాళ్ళు దగ్గరికొచ్చాక "నా అక్కచెల్లెళ్ళు" అని మొదలుపెట్టాడు, ఆ జాలీ పోయింది.

పోస్టరు చూసిన రాత్రి వాన పడింది. ఈరోజు పొద్దున్నే మొదటి బస్సెక్కి ఆ నేల దగ్గర దిగాను. సావుకు కాదు, బాట ఉందో లేదో చూద్దామని. ఆయన కొడుకు నేలను ప్లాట్లు వేసి అమ్ముతాడని అప్పటికే ఊరంతా చెప్పుకుంటున్నారు. నిజమే, రెండో బుట్ట నుంచి వరసగా పీకి కుప్పేశారు. మొదటిది మాత్రం ముట్టుకోలేదు. జేసీబీ మనిషి ఒప్పుకోలేదట.

ఆడవాళ్ళు వస్తున్నారు. గోమతి అందరికంటే ముందొచ్చి రాయి దగ్గర గొంతుక్కూర్చుంది. వానకు పసుపు కరిగి, కింది వరసలో ఆయన పేరులో మొదటి అక్షరం నల్లగా బయటపడింది. కొంగు ముడి విప్పి పొట్లం తీసి, ఆ అక్షరం మీద పసుపు దట్టంగా అద్దింది.

"భక్తేనా గోమతీ?" అన్నాను.

"భక్తి యాడిది టీచర్?" తలెత్తకుండానే అంది. "రేత్రి వాళ్ళబ్బాయి సెప్తా ఉండాడంట, ఇది మా నాయన పెట్టిన సామి, మా ఇంటి సామి, గోడ కట్టుకుంటామని. పేరు కనపడితే వాళ్ళింటి సామి అయిపోతాది. ఇట్లుంటే ఊరి సామి. ఊరి సామికి దారి ఇయ్యాల్సిందే గదా."

రోడ్డు మీద వ్యాను హారన్ మోగింది. మిగతా ఆడవాళ్ళు స్తంభాన్ని తాకి కళ్ళకద్దుకుంటూ గబగబా నడుస్తున్నారు. రాతి మీద ఇంకా రెండు అక్షరాలు సగం సగం కనబడుతున్నాయి. గోమతి వాటివైపూ రోడ్డువైపూ చూసింది.

"నువ్వు పో. వ్యాను పోతుంది. మిగిలింది నేను చూసుకుంటా."

పొట్లం నా చేతిలో పెట్టి బాట వెంట పరిగెత్తింది, బడిలో పరిగెత్తినట్టే. నేను చెప్పులు పక్కన విడిచి, రాయి ముందు కూర్చుని, పసుపులో వేళ్ళు ముంచాను.